అరవయ్యో మెట్టు ఎక్కిందెవరు

"నా ఫోను ముట్టుకునేదెవరు? ఇప్పుడు చెప్పల్ల నాకు."

వినుత ఆ మాట అడగడం ఇది రెండోసారి.

పగలు పదకొండు కావస్తోంది. సోలార్ ప్యానెళ్ళు కడిగే పనికి చీకటితో పోయిన మనిషి అప్పుడే ఇంటికి వచ్చింది. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. కాళ్ళు కూడా కడుక్కోకుండా నడింట్లో నిలబడి, చార్జింగు నుంచి పీకిన ఫోనును ఒక్కొక్కరి ముఖం ముందర పెడుతోంది.

తల్లి గుండమ్మ పొయ్యి దగ్గర సంగటి గెలుకుతోంది. సోలార్ పార్కు గేటు దగ్గర రాత్రి కాపలా ముగించి వచ్చిన తండ్రి మారన్న, నిద్ర చెడి మంచం మీద కూర్చున్నాడు. తాత తిమ్మరాయప్ప గడప పక్కన చాప మీద ఎప్పటిలా గోడకు ఆనుకుని ఉన్నాడు.

ఫోను తెర మీద అరవై అని ఉంది.

ఎనిమిది నెలలుగా వినుతకు ఆ ఫోనే గురువు. బదిలీ అయిపోయిన ఒక ఇంజినీరు మారన్నకు ఇచ్చిపోయిన గిటార్ ఒకటి, ఫోనులో ఆటలు రెండు. చేతుల ఆటలో పైనుంచి చుక్కలు రాలతాయి. చుక్క గీతను తాకేసరికి సరైన తీగ మీటాలి. ఆ ఆటలో వినుతకు తిరుగులేదు. రెండోది చెవుల ఆట. మొదట ఒక స్వరం మోగుతుంది, దాన్ని ఇల్లు అనుకోవాలి. ఆ వెనకే ఇంకో స్వరం మోగుతుంది. ఇంటికి అది ఎంత దూరంలో ఉందో విని, ఏడు రంగుల గుండ్లలో ఒకదాన్ని నొక్కాలి. ఇది వినుతకు విసుగు. మొత్తం అరవై మెట్లలో ఉగాదికి పన్నెండో మెట్టు మీద వదిలేసింది. మళ్ళీ ఆ వైపు పోలేదు.

పోనిది అరవై ఎట్లయింది?

అయితే అయింది అని ఊరుకునేదే. ఊరుకోలేని సంగతి వేరే ఉంది. పోయిన వారం మారన్న మురిసిపోతూ కూతురి ఫోను అడిగి తీసుకుపోయి, టీ అంగడి దగ్గర కేశవమూర్తికి చూపించాడు. కేశవమూర్తికి పావగడలో ఆర్కెస్ట్రా ఉంది. గిటార్ వాయించేవాడు బెంగళూరు పోయి కూర్చున్నాడు. కేశవమూర్తి చేతుల ఆట చూడలేదు. చెవుల ఆటలో అరవై చూశాడు. శనివారం నాలుగు గంటలకు వచ్చి పిల్లను చూస్తానన్నాడు.

ఈ రోజే శనివారం. పని నుంచి వచ్చి ఫోను తీయగానే ఆయన పంపిన మాట కనిపించింది. గిటార్ వాయించి చూపించనక్కరలేదు, వేళ్ళు ఎవరికైనా తిరుగుతాయి, నీ చెవి ఒక్కటి చూస్తే చాలు అని.

చెవుల ఆట తెరిచి చూసింది వినుత. ఇరవైకి ఆరు వచ్చాయి.

"మంచిదే అయింది," అంది గుండమ్మ తెడ్డు ఆపకుండా. "రాదని చెప్పు. వచ్చిన దోవనే పోతాడు."

"నీకు కావల్సింది అదే కదమ్మా."

"అదే. దాచుకున్నానా? దీపాల కింద, నలుగురు మగోళ్ళ నడాన నిలబడి నువ్వు వాయించేది నాకొద్దు. పోయిన వారమూ చెప్పినా, ఈ వారమూ చెప్తాండా."

దాంతో వినుత అనుమానం తల్లి మీదికి పోయింది. కావాలనే అంకె మార్చి తనను నలుగురిలో నవ్వులపాలు చేయాలని చూశావా అని అడిగింది. గుండమ్మ తెడ్డు పైకెత్తి, నాకు ఆ ఫోను ఏ పక్క పైదో ఏ పక్క కిందిదో కూడా తెలియదు, తెలిస్తే ఎప్పుడో బావిలో వేసి ఉందును అంది. ఫోనుకు తాళం పెట్టుకుంటానంటే ఒప్పుకోనిది నువ్వే కదా అని వినుత. తాళం పెట్టుకోవలసిన పనులేముంటాయి ఆడపిల్లకు అని గుండమ్మ. మారన్న మధ్యలో దూరి, ఆ గుండ్లు చూస్తే నాకు తల తిరుగుతాది, నన్ను అడగొద్దు అన్నాడు. నిన్నెవరూ అడగలేదు అన్నారు తల్లీ కూతుళ్ళు ఒకేసారి.



వినుత ఫోనులో ఏదో వెతికింది. ఆట ఏ రోజు ఏ వేళకు ఆడారో దానిలోనే రాసి ఉంటుందట. చూసింది. మళ్ళీ చూసింది.

"దినామూ పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర."

ఆ వేళకు వినుత ప్యానెళ్ళ దగ్గర ఉంటుంది. తడుస్తుందని ఫోను ఇంట్లోనే పెట్టి పోతుంది. మారన్న డ్యూటీ దిగి వచ్చి గురక పెడుతుంటాడు. గుండమ్మ డెయిరీకి పాలు పోసి, అటునుంచి అటే గడ్డికి పోతుంది.

ముగ్గురూ గడప వైపు తిరిగారు.

తిమ్మరాయప్ప కాసేపు తన పాదాలు చూసుకున్నాడు.

"నేనే," అన్నాడు.

సోలార్ పార్కు కోసం బీళ్ళకు కంచె పడ్డాక కూడా ఆరేళ్ళు ఎలాగో మేపి, రెండేళ్ళ కిందట గొర్రెల మందను అమ్మేశారు. ఆ రోజు నుంచి ఆయన నోట రోజుకు నాలుగు మాటలు వస్తే ఎక్కువ. ఈ రోజుకు ఇది మొదటిది.

వినుత ఆయన ముందు గొంతుకూర్చుంది. కోపం ఉంది, కానీ ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"తాతా, నీకు అక్షరం రాదు కదా."

"దాంట్లో అక్షరం యాడుండాది? గుండ్లుండాయి."

"ఎట్ల ఆడినావు?"

ఆయన చేయి చాపాడు. వినుత ఫోను ఇచ్చింది. వేలిని పంచెకు తుడుచుకుని, ఫోనును మోకాలి మీద పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. ఇంటి స్వరం మోగింది. వెనకే రెండోది మోగింది.

"కర్రిది," అని గొణిగి, కళ్ళు తెరిచి పచ్చ గుండు నొక్కాడు. సరి.

"గౌరి." సరి.

"కుంటిది." సరి.

"మళ్ళా గౌరి."

ఇరవైకి ఇరవై. తెర మీద పూలు రాలాయి. ఆయన పూల వంక చూడలేదు. ఫోను మనవరాలికి తిరిగి ఇచ్చేశాడు.

మారన్న మంచం దిగి వచ్చాడు. "నాయనా, అవి మన గొర్రెల పేర్లు గదా."

పొయ్యి దగ్గర తెడ్డు ఆగింది.

వినుతకు మంద గుర్తుంది కానీ గంటల సంగతి తెలియదు. అది మారన్న చెప్పాడు. మందలో అన్నిటికీ గంట కట్టరు. ఏడింటికే కడతారు. గంటలు కొనడానికి తిమ్మరాయప్ప నాగలమడిక జాతరకు పొట్టేలు గంటను సంచిలో వేసుకుని పోయేవాడు. అంగడి ముందు కూర్చుని ఒక చేత పొట్టేలు గంట, ఒక చేత కొత్త గంట పట్టుకుని పొద్దు వాలేదాకా వాయించేవాడు. పొట్టేలు గంటతో జగడమాడే గంటను పక్కన పెట్టేవాడు. సర్దుకునేదాన్ని ఒళ్ళో పెట్టుకునేవాడు. అంగడివాడు తిట్టేవాడు. ఇట్లా ఏడు గంటలు కుదరడానికి నాలుగు జాతరలు పట్టింది. ఆ తర్వాత పొదల్లో మంద కనిపించకపోయినా, చెట్టు కింద పడుకునే, ఏ గొర్రె ఎక్కడుందో చెప్పేవాడు.

"మరి ఫోనులో ఉండేవి మన గంటలు కావు కదా తాతా," అంది వినుత.

"కావు. అయితే నడక అదే."



మారన్నకు హుషారు వచ్చేసింది. ఇంట్లో ఇంత విద్య ఉన్నాక భయమేమిటి, అరవై మన ఇంటిదే కదా, ఎవరి వేలు నొక్కితే ఏమి, నువ్వు నోరెత్తొద్దు అన్నాడు కూతురితో. గుండమ్మ నోరెత్తమంది. నిజం చెప్పేస్తే ఆయన పోతాడు, ఇంటికి శాంతి అంది. ఒకరు దాచమని, ఒకరు చెప్పమని. ఇద్దరి మాటా తన కోసం కాదని వినుతకు అర్థమైంది.

గోడకు ఉన్న గిటార్ దింపి తాత ముందు కూర్చుంది.

"నాకు నేర్పు తాతా. నాలుగు గంటలదాకా టైముండాది."

తిమ్మరాయప్ప ఇబ్బందిగా కదిలాడు. నేర్పడం ఆయన ఎరగడు. మంద వెనక నడిస్తే అదే వస్తుంది, ఆయనకూ అట్లే వచ్చింది. చాలాసేపు ఆలోచించి, ఏదో ఒకటి వాయించమన్నాడు. వినుత లావు తీగ ఒకటి మీటింది.

"ఇదే పొట్టేలు అనుకో. అది యాడ నిలబడితే అదే ఇల్లు. ఇంగ ఒకటి వాయించు."

వాయించింది.

"ఇది కుంటిది. పొట్టేలు ఎనకాలే ఉంటాది. నిలబడలేదు. ఎప్పుడెప్పుడు దాని మీద ఒరుగుదామా అని చూస్తాది. ఇనబడతాండాదా?"

వినుత మళ్ళీ మీటింది. చెవి పెట్టి విన్నది. ఫోనులో ఆ స్వరం ఊదా గుండు, అంతే. ఇప్పుడు అది ఒరగబోతోంది.

"వినబడతాండాది తాతా."

"చెవులది గౌరి మీద ఒరుగుతాది, పొట్టేలు మీద కాదు. కర్రిదానికి ఎవరూ అక్కరలేదు. దూరంగా ఉన్నా పొట్టేలుకు జోడు అదే. మచ్చది పిల్ల చచ్చిపోయిన గొర్రె. దాని గంట వింటే అన్నం దిగదు."

"బొల్లిది?"

తిమ్మరాయప్ప ముఖంలో ఏదో మెదిలింది. రెండేళ్ళలో మారన్న ఆ నవ్వు చూడలేదు.

"అది దొంగముండ. దొడ్డి వాకిట్లోకి వచ్చి నిలబడిపోతాది, లోపలికి రాదు. అందుకే దానికి మాత్రం జగడమాడే గంట కొన్యా. అది మోగితే నిద్రలో ఉన్నా లేస్తా."

వినుత బొల్లిదాన్ని వాయించి అక్కడే ఆపింది. ఇంటి గుమ్మంలో నిలబడ్డట్టే ఉంది. ఒక్క అడుగు. తట్టుకోలేక తనే పొట్టేలు తీగ మీటేసింది. ఇద్దరూ నవ్వారు.

అప్పుడు ఒక సంగతి జరిగింది. గిటార్ మీద వినుత మొట్టమొదట నేర్చుకున్న పట్టు ఒకటుంది. మూడు చుక్కలు ఒకేసారి రాలతాయి, మూడు చోట్ల ఒకేసారి నొక్కాలి. ఎనిమిది నెలలుగా నొక్కుతోంది, ఆ మూడే ఎందుకో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు విడివిడిగా మీటి చూసింది. పొట్టేలు. గౌరి. కర్రిది.

"ఈ మూడూ కలిపి వాయిస్తే బాగుంటాది తాతా. ఎందుకు?"

"ఎందుకేంది? ఒక చెట్టు కింద పండుకునేవి అవే మూడు."

వినుత మూడింటినీ కలిపి మీటింది. ఇల్లంతా నిండింది. మళ్ళీ మీటింది. ఇంటి స్వరాన్ని పైకి జరిపి కొత్త చోట అదే పట్టు పట్టింది. మంద మొత్తం పక్క చేనికి లేచి పోయినట్టయింది. ఎవరి పక్కన నడిచేది వారి పక్కనే నడిచింది. ఫోను ఇంగ్లీషులో పటాలు వేసి ఎన్నిసార్లు చెప్పిందో, దాటేస్తూ వచ్చింది. చెప్పింది ఇదన్నమాట.

"పొట్టేలు యాడికి పోతే ఇవి ఆడికే కదా తాతా. దూరం మారదు."

"మారితే అది మంద కాదు," అన్నాడు తిమ్మరాయప్ప.

గుండమ్మ మూడు తట్టల్లో సంగటి పెట్టి తెచ్చి కొంచెం చప్పుడు చేస్తూ కింద పెట్టింది. సంగటి అడుగంటి మాడు వాసన వస్తోంది. ఆమె చేతిలో సంగటి మాడడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆమె లోపలికి పోయింది.

నాలుగింటికి పావుగంట ముందే కేశవమూర్తి బండి వాకిట్లో ఆగింది. యాభై ఏళ్ళ మనిషి. జుట్టుకు రంగు, చొక్కాకు ఇస్త్రీ. ఎదుటివాళ్ళు పలకకముందే తనే నవ్వేస్తాడు. సంచిలోంచి చిన్న కీబోర్డు తీసి చాప మీద పెట్టుకున్నాడు. మజ్జిగ తాగాడు. మారన్న యోగక్షేమాలు అడిగాడు. రెండు వారాల్లో రాయచెర్లులో కార్యక్రమం ఉందని, మనిషి కుదిరితే అక్కడే మొదలుపెడదామని చెప్పాడు. అరవై మెట్లు ఎక్కిన చెవి ఈ తాలూకాలోనే లేదన్నాడు.

మారన్న దగ్గాడు. ఆ దగ్గు అర్థం వినుతకు తెలుసు.

"సార్, ఆ అరవై నాది కాదు."

మారన్న దగ్గు సగంలో ఆగింది.

కేశవమూర్తి నవ్వు ముఖం మీద అట్లే ఉంది, కానీ దాని వెనక మనిషి లేడు.

"నేను పన్నెండులోనే వదిలేసినా. నేను పనికి పోయినప్పుడు మా తాత ఆడినాడు. ఆయనకు తెలీదు అది మీరు చూస్తారని. మా నాయనకూ తెలీదు. నాకు ఈ పొద్దే తెలిసినాది."

ఆయన కీబోర్డును సంచిలో పెట్టుకోలేదు, దాని మీద నుంచి చేయి మాత్రం తీసేశాడు. గడప పక్కన కూర్చున్న ముసలాయనను చూశాడు. ఆ చేతులను చూశాడు.

"తాతా, మీరు వాయిస్తారా?"

"వేళ్ళు వంగవు."

"మరి నేను వచ్చింది ఎవరి కోసరం అనుకోవల్ల?"

గుండమ్మ వంటింటి వాకిట్లో నిలబడి ఉంది. పొద్దున్నుంచి ఆమె కోరుకున్నది ఇదే. ఆమె ముఖం చూస్తే అట్లా లేదు.

"పది వినిపించండి సార్," అంది వినుత. "ఎనిమిదికి తక్కువైతే నేనే వద్దంటా. మీరు చెప్పనక్కరలేదు."

కేశవమూర్తి ఆలోచించాడు. పెట్రోలు ఎట్లాగూ ఖర్చయింది అనుకున్నాడో ఏమో, తిమ్మరాయప్పను గోడ వైపు తిరిగి కూర్చోమన్నాడు. ముసలాయన తిరిగి కూర్చున్నాడు.

ఇంటి స్వరం మోగింది. తర్వాతది మోగింది.

"కర్రిది," అంది వినుత.

"ఏందమ్మా అది?"

వినుత నాలుక కరుచుకుని, గిటార్ మీద ఆ స్వరాన్ని మీటి చూపించింది. సరిగ్గా అదే. కేశవమూర్తి సంగతి అడిగాడు. మారన్న రెండు ముక్కల్లో చెప్పాడు. ఆయన తల ఊపి, పేరు ఏదైనా ఫర్వాలేదు, మీటి చూపిస్తే చాలు అన్నాడు.

రెండోది గౌరి. మూడోది కుంటిది. నాలుగోది కర్రిది అనబోయి చెవులది అంది, అది తప్పయింది. ఐదు, ఆరు నిలిచాయి. అక్కడ కేశవమూర్తి చెప్పకుండా ఇంటినే మార్చాడు. కొత్త పొట్టేలు, ఇంకో చేను. వినుత తడబడింది. ఏడోది పోయింది. తల అడ్డంగా విదిలించి, పొట్టేలు స్వరాన్ని గొంతులోనే ఒకసారి పట్టుకుంది. ఎనిమిది వచ్చింది. తొమ్మిది వచ్చింది.

ఏడు సరి. రెండు తప్పు. ఇంకొక్కటి.

పదోది మోగింది.

వినుత చేయి తీగల మీద ఆగింది. మచ్చదా, బొల్లిదా? రెండూ పక్కపక్కవే. రెండూ పైనే. కేశవమూర్తి మళ్ళీ వాయించలేదు. గోడ వైపు తిరిగిన తిమ్మరాయప్ప వీపు కదలలేదు. మారన్న కేశవమూర్తి ముఖం వైపు చూస్తున్నాడు. వాకిట్లో కోడి ఒకటి గొణుక్కుంటూ పోయింది.

వినుత కళ్ళు మూసుకుంది. ఆ స్వరం ఇంట్లోకి రావాలని తహతహలాడుతోందా? లేదు. రావాలనే లేదు దానికి. ఎక్కడో నిలబడి తనలో తాను అనుకుంటోంది.

"మచ్చది," అని మీటింది.

కేశవమూర్తి తల ఊపేలోపే వంటింటి వాకిట్లో ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు.

అందరూ అటు చూశారు. గుండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, మీకూ తెలుసా?" అన్నాడు కేశవమూర్తి.

"నాకేం తెలుసు. నేను పొయ్యి చూసుకుంటాండా."

పొయ్యి ఆర్పి గంటలైంది. కేశవమూర్తి ఇంటి స్వరం వాయించి, వెనకే ఇంకోటి వాయించి వదిలేశాడు. గుండమ్మ ముఖం తిప్పుకుంది. ఆయన మళ్ళీ దాన్నే వాయించాడు. మూడోసారి కూడా వాయించాడు.

"బొల్లిదప్పా అది," అంది గుండమ్మ ఇక ఆగలేక. "దొడ్డి బయట నిలబడి సంపుతాండాది. లోపలికి తోలు దాన్ని."

ఆయన ఇంటి స్వరం నొక్కాడు. గుండమ్మ భుజాలు దిగాయి.

పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆరేళ్ళు ఆమె ఆ మంద వెనకే మామతో నడిచింది. ఆ సంగతి వినుతకు తెలియదు. మారన్న మరిచిపోయాడు. తిమ్మరాయప్ప గోడ వైపు తిరిగే ఉన్నాడు కాబట్టి ఆయన ముఖం ఎవరికీ కనిపించలేదు.

కేశవమూర్తి కీబోర్డు సంచిలో పెట్టుకుని లేచి, గడప దగ్గర చెప్పులు తొడుక్కున్నాడు. అరవై ఎవరిదైనా కానీ, ఎనిమిది పిల్లదే అన్నాడు. చోటు ఇస్తానన్నాడు. రేపు పదింటికి పావగడలో ప్రాక్టీసు అన్నాడు. అయితే తల్లి ఒప్పుకోని పిల్లను తను స్టేజీ ఎక్కించడు, ఆ మాట ఇప్పుడే తేలాలి అని హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాడు.

వినుత తల్లిని చూడలేదు. గిటార్‌ను చూస్తూ కూర్చుంది.

గుండమ్మ వంటింటి గడప దాటి ఇవతలికి వచ్చింది. స్టేజీ మీద పిల్ల ఎక్కడ నిలబడుతుందని అడిగింది. వెనక, డ్రమ్ముల పక్కన అన్నాడు. ఆ పక్క ఎవరుంటారంది. తన చెల్లెలు, ఆమె కూడా పాడుతుంది అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఎవరు తెచ్చి దిగబెడతారంది. మీరే వెంట రండి అన్నాడు. దీపాలు కళ్ళలో పడతాయా అంది. కొంచెం పడతాయి అన్నాడు. ఇన్ని అడుగుతోందంటే వద్దనడానికి కాదని వినుతకు అనిపించింది. కానీ తల ఎత్తడానికి ధైర్యం చాలలేదు.

"ఇంగొక్కటి," అంది గుండమ్మ. "పిల్ల చెవి కావల్ల, చెవి కావల్ల అంటాండారు. ఎందుకంత? మీ పాడేవాళ్ళు పాట మధ్యలో ఇల్లు మారుస్తారా?"

కేశవమూర్తి సన్నగా నవ్వాడు.

"మారుస్తారమ్మా."

"ఎవరు?"

ఆయన హెల్మెట్‌ను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. మారన్నను చూశాడు. మారన్న పైకప్పును చూస్తున్నాడు.

"నేనే," అన్నాడు.

మారన్నకు నవ్వు తన్నుకొచ్చింది. వినుత గిటార్ వెనక ముఖం దాచుకుంది. గుండమ్మ నవ్వలేదు. చాలా నిదానంగా మాట్లాడింది.

"అట్లయితే ముందర మీరు రాండి ఈడికి. వారం దినాలు, సాయంత్రం పూట, మా మామ ముందర కూర్చోండి. మీ ఇల్లు యాడుండాదో మీకు తెలిసినాక పిల్లను పంపిస్తా. అంతవరకూ పంపను."

"అమ్మా," అంది వినుత.

"నువ్వు ఊరికే ఉండు."

కేశవమూర్తి ముఖం ఎర్రబడింది. ఇరవై ఏళ్ళకు పైగా స్టేజీ మీద పాడుతున్న మనిషి. ఆయన పేరుతో గోడల మీద పోస్టర్లు ఉన్నాయి. వీధిలో ఎవరైనా విన్నారేమోనని ఒకసారి బయటికి చూశాడు. బండి తాళం చెవి జేబులోంచి తీశాడు.

తిమ్మరాయప్ప గోడ వైపు నుంచి మెల్లగా ఇటు తిరిగాడు. ఆయనను చూశాడు. చాప మీద జానెడు పక్కకు జరిగాడు.

కేశవమూర్తి ఆ జానెడు చోటు వంక చూస్తూ నిలబడ్డాడు. తాళం చెవి వేలికి వేలాడుతోంది. ఇంట్లో నలుగురూ ఆయన కాళ్ళనే చూస్తున్నారు.

ఆయన ఒక చెప్పు విడిచాడు. రెండోది ఇంకా కాలికే ఉంది.